గేటు పక్కన రెండంకణాలు

అయినా సుదర్శనానికి సిగ్గనేది ఉంటే నన్ను చూసి నవ్వుతాడా, నవ్వడమే కాదు, నాకన్నా రెండు మెట్లు ముందు నడుస్తూ, నడుముకు కట్టుకున్న తాళాల గుత్తి గలగలమనిపిస్తూ, జాగ్రత్తన్నా, ఈడ మెట్టు అరిగిపోయుండాది అని వెనక్కి తిరిగి చెబుతున్నాడు, ఎవరికి చెబుతున్నాడు, నాకు, ఈ ఏనుగుల మిద్దె గేటు గదిలో పుట్టినవాడికి, ఈ మెట్టు మా నాయన కుప్పయ్య కాళ్ల కింద అరిగిన మెట్టని నాకు తెలియదా, వీడు మా చిన్నాయన మునివెంకటప్ప కొడుకు, నాకు తమ్ముడి వరస, మా ఇద్దరి నాయనలూ పుట్టినప్పటి నుంచీ పోయేదాకా కాపలా కాసిన గేటు గదిని ఇరవై ఏళ్ల కిందట ఈ మిద్దె యజమానురాలు దొరసానమ్మ మనవడికి వదిలేసి దండిగా డబ్బు ముట్టించుకున్నవాడు, ఆ డబ్బంతా ఏమైందో మరి, ఒంటి మీద ఖాకీ చొక్కా, భుజం దగ్గర కుట్టు విడిపోయి లోపలి బనియను కనిపిస్తోంది, కాళ్లకు టైరు చెప్పులు, పేకాటలో పోయుంటుంది, లేకపోతే కొండకు వచ్చే యాత్రికులకు లాడ్జీ పెడతానని ఎవడి చేతుల్లోనో పోసి ఉంటాడు, అప్పనంగా వచ్చింది అట్లాగే పోతుంది, పోనీ, నాకు మంచిదే, తిన్నవాడే ఈ రోజు నా ముందు తాళాలు మోస్తున్నాడు, ఇంతకన్నా ఏం కావాలి, ఏమీ అక్కర్లేదు.

వీడిక్కడ ఉంటాడని నాకు తెలియదు, తెలిస్తే వచ్చేవాణ్ణా, చిత్తూరు బెల్లం మండీలో కూర్చున్నప్పుడు తిరపతి నుంచి వచ్చిన లారీవాడు చెప్పాడు, ఏనుగుల మిద్దెను మద్రాసు కాంట్రాక్టరు కొని లోపలంతా మార్చేసి అపార్టుమెంట్లు చేసి బాడుగకు ఇస్తున్నాడంట, డాక్టర్లూ బ్యాంకు మేనేజర్లూ ఉంటారంట అని, ఆ రాత్రే ట్రంకాలు చేశాను, కాంట్రాక్టరు సగం అరవం సగం తెలుగులో మాట్లాడాడు, ముందువైపు బాల్కనీ ఉన్న పోర్షను ఒకటే ఖాళీ సార్, ఏం చేస్తుంటారు సార్, అన్నాడు, సార్ అన్నాడు నన్ను, ఎనిమిదో క్లాసులో బడి మానేసి బెల్లం అచ్చులు మోసినవాణ్ణి, మండీ సార్, కమీషన్ మండీ, అన్నాను, రాండి సార్, గేటు దగ్గర మా మనిషి ఉంటాడు, చూపిస్తాడు, అన్నాడు, ఆ మనిషి ఎవరో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు, ఈ మధ్యాహ్నం అక్కను తీసుకుని రిక్షా దిగితే గేటులో స్టూలు మీది నుంచి లేచింది వీడు, ముందు నోరు తెరిచింది వాడే, మునెన్నా, అన్నాడు, వచ్చినావా అన్నా, అన్నాడు, నేనేదో రోజూ వచ్చిపోతున్నట్టు, ఇల్లు చూపించు అన్నాను అంతే, ఎడమ పక్కనున్న గేటు గది వైపు తల తిప్పలేదు, తిప్పకపోయినా తలుపు మీద ఎర్రరంగుతో పంపు రూము అని రాసి ఉండటం కంటి చివర కనిపించింది, లోపల మోటారు దడదడమని కొట్టుకుంటోంది, నేను పుట్టిన గదిలో మోటారు, అక్క మాత్రం వాడి గడ్డం పట్టుకుని ఎంత చిక్కిపోయినావురా దర్శనం అనింది, అక్క అంతే, యశోదమ్మకు అందరూ కావాల్సినవాళ్లే, పెండ్లయిన రెండేళ్లకే బొట్టు తీసేసిన మనిషి, మోకాళ్లు అరిగిపోయిన మనిషి, మీరు పోయి సూసుకోని రాండప్పా, నేనీడ రాయి మీద కూసోనుంటా, అని గేటు ముందరి నల్లరాయి మీద చతికిలబడింది.

ఇది హాలన్నా, అంటున్నాడు సుదర్శనం, తలుపు తీసి పక్కకు తప్పుకుని, ఇది బెడ్రూము, ఇది ఇంగో బెడ్రూము, అటాచుడు బాత్రూము, గీజరు ఉండాది, స్విచ్చేస్తే ఎసరు నీళ్లు, కాలింగు బెల్లు నొక్కు సూడు, పిట్ట కూసినట్ల కూస్తాది, కాంట్రాక్టరు నేర్పిన మాటలన్నీ ఎక్కడా తడబడకుండా ఒప్పజెబుతున్నాడు, నేను చేతులు వెనక్కి కట్టుకుని, మండీలో సరుకు చూసేవాడిలాగా, ఊఁ అంటున్నాను, కింద మొజాయిక్ నున్నగా ఉంది, చెప్పులు విడిచిన కాళ్లకు చల్లగా తగులుతోంది, ఇదే కదూ దొరసానమ్మ పడసాల, ఏనుగు దంతాలు తగిలించిన పడసాల, ఈ చివర నుంచి ఆ చివరకు మా నాయన తువ్వాలు నడుముకు చుట్టుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తిన పడసాల, దాన్ని ఇప్పుడు ఇటుక గోడలతో మూడు ముక్కలు చేశారు, బర్మా టేకు స్తంభం ఒకటి గోడలో ఇరుక్కుపోయింది, సగం వంటింట్లో సగం స్నానాలగదిలో, స్తంభానికి చెక్కిన చిలకల్లో ఒకటి గ్యాసు పొయ్యి వైపు చూస్తోంది, రెండోది కమోడు వైపు, నాకు నవ్వొచ్చింది, వాడికీ వచ్చినట్టుంది, అమ్మగారు సూసుంటే ఆ చిలకకు గుడ్డ కప్పించుండునన్నా, అన్నాడు, నేను వెంటనే నవ్వు మింగేశాను, వీడితో నవ్వడానికా వచ్చింది, నీళ్లు సరిగా వస్తాయా అని అడిగాను గట్టిగా, వాడి ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, పగలంతా వస్తాయన్నా, మోటారు నేనే ఏస్తాను కదా, అన్నాడు.

నీకింత ఇల్లెందుకన్నా, అన్నాడు ఉన్నట్టుండి, తాళంచెవి చేతిలో తిప్పుతూ, వదినమ్మ సిత్తూరు ఇడిసి వస్తాదా, బాడుగ మాత్రం గొంతు కోస్తాడు కాంట్రాక్టరు, నీకెందుకురా అన్నాను, నా డబ్బు, నేను ఎవరి గదీ అమ్మి తెచ్చింది కాదు, అన్నాను, అనేశాను, ఇరవై ఏళ్లుగా నోట్లో ఉంచుకున్న మాట, మండీలో ఒకడు చెప్పినప్పటి నుంచీ, మీవాడు గేటు గది రాసిచ్చేసినాడంట, చేతినిండా ముట్టిందంట అని చెప్పినప్పటి నుంచీ నములుతున్న మాట, నేనైతే తీసుకుని ఉందును గనుక వాడూ తీసుకున్నాడనే నమ్మాను, ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఆ గేటులో మళ్లీ అడుగు పెడితే పై మెట్ల మీదుగా ఆ ఇంటి మనిషిగానే పెడతానని, అక్కను కూడా పోనివ్వలేదు, అక్క ప్రతి ఏడూ వైశాఖం వచ్చేసరికి అడిగేది, ఒకసారి పోయొద్దామా మునీ, స్వామి మన గేటు కాడ నిలిచేది ఒకసారి సూసొద్దామా, అని, ఊరేగింపులో స్వామి వాహనం ఆగే చోటును మండగపడి అంటారు, ఏనుగుల మిద్దె గేటు ఒక మండగపడి, మిద్దె వాళ్ల హారతి అందుకుని స్వామి ముందుకు సాగుతాడు, వాహనం మోసేవాళ్లకు మజ్జిగ పోయడం గేటు కాపలావాళ్ల వంతు, అంటే మా వంతు, పసుపు పూసిన బాన ముందర నిలబడి మజ్జిగ పోసేది అక్క, ఈ సారి అడిగినప్పుడు అక్క గొంతు మారింది, మోకాళ్లు ఇంకో ఏటికి ఉంటాయో లేదో మునీ, అంది, అందుకే వచ్చాను, మజ్జిగ పోయడానికి కాదు, ఈ రోజు మా అక్క దొరసానమ్మ నిలబడిన చోట నిలబడాలి, కింద కాదు, పైన, ఈ బాల్కనీలో, పట్టుచీర కట్టుకుని, వీధంతా తలెత్తి చూసేటట్టు, సాయంత్రం స్వామి వచ్చేలోగా తాళంచెవి నా చేతికి రావాలి, అంతే నాకు కావలసింది, జేబులో నుంచి కవరు తీసి అడ్వాన్సు అన్నాను, వాడు లెక్కపెట్టకుండా కళ్లకద్దుకుని చొక్కా లోపల దాచాడు, తాళంచెవి రెండు చేతులతో నాకిచ్చాడు, గది మాటకు తిరిగి తిట్టినా బాగుండేది.

బాల్కనీ తలుపు తీస్తే వీధి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది, మల్లెపూల గంపలు, నూనెలో వేగుతున్న బజ్జీల వాసన, నేను పట్టుకున్న బాల్కనీ ఇనుప చట్రం ఎండకు ఇంకా వెచ్చగా ఉంది, ఇదే చట్రం మీద చేతులానించి దొరసానమ్మ నిలబడేది, ఆకుపచ్చ పట్టుచీర, ముక్కుకు రెండు వైపులా బేసరులు, మా గేటు గది కిటికీలోంచి చూస్తే సరిగ్గా ఆమే కనబడేది, మా అమ్మ లోపల మజ్జిగ చిలుకుతుంటే నేను కిటికీ చువ్వలు పట్టుకుని ఆమెనే చూసేవాణ్ణి, ఈ ఊళ్లో స్వామికన్నా ఎత్తున ఉండేది ఆమె ఒక్కతే అనుకునేవాణ్ణి, ఒకసారి నాయన నన్ను ముందుకు తోసి, మావాడు ఎనిమిది సదువుతా ఉండాడమ్మా అంటే, గేటు తియ్యడానికి ఎన్ని క్లాసులు కావాల కుప్పయ్యా అందామె, నవ్వుతూనే అంది, చెడ్డ మనిషి కాదు, కొత్త గుడ్డలు పెట్టేది, పండక్కి బూరెలు పంపేది, పోతూ పోతూ మీ వంశముండే దాకా గేటు గది మీదే అని నోటిమాటగా ఇచ్చింది కూడా, కానీ ఆ నవ్వు నాతో పాటు చిత్తూరికి వచ్చింది, బెల్లం అచ్చు ఎత్తిన ప్రతిసారీ వినపడింది, ఇప్పుడు ఆమె లేదు, చట్రం మీద నా చేతులున్నాయి, మండీ చేతులు, గోళ్ల కింద బెల్లం మరక ఎప్పటికీ పోని చేతులు, అక్కా, అని పిలిచాను కిందికి, గట్టిగా, వీధంతా వినపడేటట్టు, అక్కా, పైకి రా, ఇల్లు తీసుకున్నాను, స్వామి వచ్చే వేళయింది, వచ్చి ఈడ నిలబడు.

అక్క నల్లరాయి మీద నుంచి తలెత్తి, పొద్దువాలిన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది, ఒరే మునీ, దిగరా కిందికి, అంది, నేను మోకాళ్ల కోసమనుకుని, రిక్షావాణ్ణి పిలుస్తాను, ఇద్దరం కుర్చీలో మోసుకొస్తాము అన్నాను, అక్క నవ్వింది, చుట్టూ పూలమ్మే ఆడవాళ్లు కూడా నవ్వారు, మోకాళ్ల మాట కాదురా పిచ్చోడా, అంది, స్వామి వస్తా ఉంటే ఎవురన్నా మేడ మీద నిలబడతారా, స్వామి నెత్తిన నిలబడినట్ల కాదా అది, నేను కేక వేశాను, దొరసానమ్మ నిలబడలేదా, నా కండ్లతో చూళ్లేదా, అక్క ఇంకా నవ్వుతోంది, ఎండలో కళ్లలో నీళ్లు కారేటట్టు నవ్వుతోంది, ఆమె నిలబడేది మేళం వినబడేదాకానేరా, దివిటీలు మలుపు తిరిగేసరికి చెప్పులు ఇడిసి మెట్లు దిగొచ్చి ఈ రాయి కాడ, నా పక్కన నిలబడి హారతి పట్టేది, తీర్థం నాకు ముందా ఆమెకు ముందా అని అయ్యగారు తడబడేవాడు, నీకు తెలవదా, తెలియదు, నాకెట్లా తెలుస్తుంది, మేళం వచ్చేసరికి కిటికీకి అడ్డంగా జనం వీపులు నిలబడేవి, ఆ వీపుల సందుల్లో నాకేమీ కనిపించేది కాదు, ఇన్నేళ్లూ ఆమె పైనే నిలబడి ఉందనుకున్నాను, ఆ పైన కోసమే బెల్లం మోశాను, ఆ పైనే ఇప్పుడు బాడుగకు తీసుకున్నాను, దూరంగా డోలు దెబ్బ వినబడింది, పక్క పోర్షను తలుపు తెరుచుకుంది, బ్యాంకు మేనేజరు భార్య కొబ్బరికాయ పళ్లెం పట్టుకుని, చెప్పులు గుమ్మంలోనే వదిలి దిగిపోతోంది, వెనక డాక్టరు, ఆయన పిల్లలు, మిద్దె మిద్దెంతా దిగిపోతోంది, పైన నేనొక్కణ్ణే, ఇంత పెద్ద ఇంట్లో ఒక్కణ్ణే, అప్పుడు తలుపు దగ్గర నుంచి సుదర్శనం వచ్చి నా ముంజేయి పట్టుకున్నాడు, రా అన్నా, మలుపు తిరిగినాడు స్వామి, మజ్జిగ బాన ఎత్తాల, ఒక్కడికి బరువు, ఒక చెయ్యి పట్టు.

ఎట్లా దిగానో తెలియదు, అరిగిన మెట్టు దగ్గర కాలు తనంతట తానే జాగ్రత్తపడింది, పంపు రూము తలుపు తోసి వాడు ముందు వంగాడు, వెనక నేను వంగాను, వాకిలి ఇంకా అంతే పొట్టి, తల తగలకుండా వంగడం ఒంటికి ఇంకా గుర్తుంది, మోటారు ఆపేశాడు వాడు, ఒక్కసారిగా నిశ్శబ్దం, డోలు మాత్రం వినబడుతోంది, గది అంటే ఎంత, రెండంకణాలు, మా తిరపతి అంకణమంటే ఆరడుగులకు ఆరడుగులు, మధ్యలో దూలం కింద నాయనా చిన్నాయనా గీసుకున్న సున్నపు గీత, దీపపు గూడున్న కుడి అంకణం మాది, అటుపక్కది వాళ్లది, ఎడమ వైపంతా మోటారు, గొట్టాలు, గ్రీజు, నూనె జిడ్డు, నిలబడేందుకు చోటు లేదు, కుడి వైపు అలికి ఉంది, అవును, పేడతో అలికి ముగ్గు వేసి ఉంది, దీపపు గూట్లో వత్తి ఉంది, గోడకు మా నాయన తలపాగా తగిలించే మేకు ఉంది, ఒక మూలలో వాహనం కర్రలకు ఆనించే ఊతకర్రలు, పసుపు పూసిన బాన, అందులో మజ్జిగ, కరివేపాకు, అల్లం వాసన, ఆ వాసనకు కళ్లు మండాయి, అల్లం ఘాటు, అంతే, ఇంకేం కాదు, బాన అంచు పట్టుకుని అడిగాను, ఇదేందిరా, మోటారంతా ఒక పక్కనే పెట్టినారు, ఏదో మండీ లెక్క అడిగినట్టు అడిగాను, అప్పుడు అమ్మగారి మనవడు గది రాసియ్యి, డబ్బిస్తానంటే వద్దన్యాను, ఇప్పుడు కాంట్రాక్టరు గేటు వెడల్పు చేస్తానని ఈ గదీ ఆ రాయీ కొట్టేస్తానన్యాడన్నా, అన్నాడు వాడు బాన కింద గుడ్డచుట్ట సర్దుతూ, కాళ్లా వేళ్లా పడినాను, డబ్బిస్తాను పోరా అన్యాడు, వద్దు, జీతం సగమియ్యి, కాపలా ఉంటా, గది మాత్రం కొట్టొద్దన్యాను, ఐతే మోటారు పెట్టాల్సిందే అన్యాడు, సరే అని నా పక్క పెట్టించినా, నేను బాన ఎత్తలేదు, ఇంకా అంచు పట్టుకునే ఉన్నాను, మరి నువ్వు యాడ పండుకుంటావురా, అన్నాను, మెట్ల కింద సందుండాది కదన్నా, ఆడ, అన్నాడు, ఈడ ఇంత జాగా కాళీగా పెట్టుకోనా, అన్నాను, వాడు తలెత్తి నన్ను వింతగా చూశాడు, ఇంత వ్యాపారం చేస్తూ ఈ మాత్రం తెలియదా అన్నట్టు కాదు, నిజంగానే అర్థం కాక చూశాడు, అది నీది కదన్నా, అన్నాడు.

ఒక జాబు రాయకూడదా అన్నాను బాన ఎత్తుతూ, రాస్తే సదివేవాడివా, సించి పొయిలో ఏసుంటావు, నీ సంగతి నాకు తెలవదా అన్నా, అన్నాడు, నవ్వాడు, ఇద్దరమూ అడ్డంగా నడుస్తూ, నువ్వు ఎడమ, నువ్వు వెనక్కి, గడప సూసుకో, అనుకుంటూ వీధిలోకి వచ్చాము, దివిటీల పొగ, నాదస్వరం, గొడుగులు, వాహనం మోసేవాళ్ల భుజాలు చెమటకు మెరుస్తున్నాయి, నల్లరాయి దగ్గర ఎవరూ చెప్పకుండానే ఆగారు, ఊతకర్రలు ఆనించారు, బరువు దిగిన ఊపిరి అందరి నోళ్లలోంచీ ఒక్కసారే వచ్చింది, అక్క కొంగు నడుముకు దోపుకుని, మోకాళ్లు మరిచిపోయి, చెంబుతో మజ్జిగ ముంచుతోంది, ఎవురప్పా నువ్వు, వెంకటేశు కొడుకువా, మీ నాయన మాదిరే రెండు సెంబులు తాగుతావా, అని మోసేవాళ్లను ఆడిస్తోంది, బ్యాంకు మేనేజరు భార్య పళ్లెం పట్టుకుని అక్క వెనక ఒదిగి నిలబడింది, హారతి వెలిగింది, అయ్యగారు శఠారి మొదట అక్క తలపై పెట్టాడు, తర్వాత నా తలపై, నేను వంగాను, వంగినప్పుడు పంపు రూము తలుపు తెరిచి ఉండటం కనబడింది, దివిటీ వెలుగు లోపలిదాకా పడి, సున్నపు గీతకు ఇటువైపు ముగ్గు తెల్లగా, అటువైపు గ్రీజు నల్లగా, జేబులో పైన ఇంటి తాళంచెవి తొడకు గుచ్చుకుంటోంది, వెనక ఎవరో తోస్తే చూశాను, సుదర్శనం, శఠారి తనదాకా వస్తుందో రాదో అని మెడ సాచి నిలబడ్డాడు, భుజం మీద కుట్టు ఇంకాస్త విడిపోయింది, చెయ్యి పట్టుకుని ముందుకు లాగి అయ్యగారి ముందు వాడి తల నేనే వంచాను, వంచిన ఆ తల మీద సగం వెంట్రుకలు తెల్లబడ్డాయి, ఇరవై ఏళ్లు నేను రెండంకణాలు పోయాయని తిట్టాను, తిన్నాడని తిట్టాను, పోయింది రెండు కాదు, ఒక్క అంకణం, ఆరడుగులకు ఆరడుగులు, అది సుదర్శనానిది.